ఏ గడిలో వ్రాద్దాం మన పేరు? మారిషస్ రాజకీయాల్లో చరిత్ర, మతం, సిద్ధాంతం

మన ద్వీపంలో శాసనసభ ఎన్నికల్లో నిలబడదలచిన అభ్యర్థి ఒక పత్రం నింపాలి. తన పేరు, వివరాలతో పాటు తాను ఏ వర్గానికి చెందినవాడో అందులో ప్రకటించాలి. రాజ్యాంగం గుర్తించిన వర్గాలు నాలుగే. హిందువులు, ముస్లిములు, చైనా సంతతివారు, ఈ మూడింటిలో చేరని తక్కినవారందరినీ కలిపి 'జనరల్ పాపులేషన్'. ఈ నాలుగింటిలో రెండు మతాల పేర్లు, ఒకటి పూర్వీకుల దేశం పేరు. నాలుగవది ఏ పేరూ కుదరనివారికి పెట్టిన పేరు. తెలుగువాడికి విడిగా గడి లేదు. తమిళునికీ లేదు, మరాఠీకీ లేదు. మన వాళ్ళను హిందువుల గడిలోనే లెక్క కడతారు.

ఈ గడులను ఎవరు గీశారు? ఎందుకు గీశారు? ఓడల్లో కూలీలుగా వచ్చినవారి మనుమలు, మునిమనుమలు స్వతంత్ర దేశపు పౌరులై ఇన్నేళ్ళు గడిచినా ఇవి ఎందుకు నిలిచి ఉన్నాయి? ఇది తెలియకుండా మన దేశ రాజకీయాలు అర్థం కావు. మన భాష కోసం, మన సంస్కృతి కోసం మనం అడిగే కోరికలు ఎటు దారితీస్తాయో కూడా తెలియదు. కనుక ఈ విషయాన్ని మొదటినుండి వరుసగా పరిశీలిద్దాం.

ఓడలు, తోటలు, లెక్కలు

ఫ్రెంచివారు 1715లో ఈ ద్వీపాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఆఫ్రికా నుండి, మడగాస్కర్ నుండి బానిసలను తెచ్చి వారిచేత సేద్యం చేయించారు. రేవు కట్టడానికి, ఇళ్ళు కట్టడానికి పుదుచ్చేరి వైపు నుండి తమిళ పనివారిని రప్పించారు. 1810లో బ్రిటిషువారు ద్వీపాన్ని గెలిచినప్పుడు, ఇక్కడి ఫ్రెంచి వలసదారుల భాష, మతం, చట్టాలు, ఆస్తులు అలాగే ఉండనిస్తామని మాట ఇచ్చారు. కనుక జెండా మారినా భూమి మాత్రం చేతులు మారలేదు.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. దానికి కొద్ది నెలల ముందే, 1834 నవంబరు 2న, ఒప్పందపు కూలీలతో కలకత్తా ఓడ పోర్ట్ లూయీ చేరింది. అప్పటినుండి 20వ శతాబ్దం తొలి సంవత్సరాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. ఎక్కువమంది బీహారు వైపు నుండి భోజ్‌పురి మాట్లాడుతూ వచ్చారు. మద్రాసు నుండి తమిళులు, బొంబాయి నుండి మరాఠీలు వచ్చారు. మన పూర్వీకులు కోరంగి రేవు నుండి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి ఓడ ఎక్కారు. గుజరాతు ముస్లిము వర్తకులు, చైనా దుకాణదారులు తమ ఖర్చుతో తాము వచ్చారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎవరు ఏ ఓడలో వచ్చారో దానినిబట్టి వారి పని, నివాసం, ఆస్తి నిర్ణయమయ్యాయి. భూమి ఒకరిది, చెరకు నరికే చేయి మరొకరిది, దుకాణం ఇంకొకరిది. విముక్తి పొందిన బానిసలు తోటలు విడిచి సముద్రతీరానికి, పట్టణానికి వెళ్ళారు. తాము విడిచిన పనిలోకి తక్కువ జీతానికి కూలీలు దిగడం వారికి గాయమైంది. తోట కాంపులో కూలీలు పడిన బాధ వారికి కనిపించలేదు. వారి గాయం కూలీలకు కనిపించలేదు. ఇద్దరినీ నలిపిన వ్యవస్థ ఒక్కటే అయినా, ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

వలస ప్రభుత్వం ఈ తేడాలనే తన దస్తాల్లోకి ఎక్కించింది. జనాభా లెక్కల్లో భారతీయులను ఒకవైపు, 'జనరల్ పాపులేషన్'ను మరొకవైపు వ్రాసింది. తరువాత చైనావారిని వేరు చేసింది. ఆపైన భారత సంతతివారిని హిందువులు, ముస్లిములు అని విడగొట్టింది. ఒకప్పుడు గుమాస్తా సౌకర్యం కోసం గీసిన గీత, రాజ్యాంగం వచ్చేసరికి అధికారం పంచుకునే గీత అయింది.

అక్షరం ఓటు ఇచ్చిన రోజులు

1885 నాటి రాజ్యాంగం ప్రకారం ఆస్తి, ఆదాయం ఉన్న పురుషులకే ఓటు. తోటకూలీకి అందులో చోటు లేదు. 1936లో లేబర్ పార్టీ పుట్టింది. క్రియోల్ వైద్యుడు మొరిస్ క్యూరే దానికి నాయకుడు. ఎమాన్యుయేల్ ఆంక్తీల్, పండిత్ సహదేవ్ ఆయనతో కలిసి నడిచారు. కూలి, పని గంటలు, సంఘం పెట్టుకునే హక్కు, ఓటు హక్కు, ఇవే వారి కోరికలు. ఎవరి మతం ఏమిటని వారు అడగలేదు. 1937లో యూనియన్ ఫ్లాక్ తోటలో, 1943లో బెల్ వ్యూ ఆరెల్‌లో కూలీలపై కాల్పులు జరిగాయి. బెల్ వ్యూ ఆరెల్‌లో ప్రాణం కోల్పోయినవారిలో అంజలై అనే గర్భిణి కూడా ఉంది. ఈనాటికీ ఆమె పేరును మన దేశం గౌరవంగా తలుచుకుంటుంది.

తరువాత 1947లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అది అందరికీ ఓటు ఇవ్వలేదు గానీ, చదవడం వ్రాయడం వచ్చినవారికి, స్త్రీలతో సహా, ఇచ్చింది. అన్నింటికన్న ముఖ్యమైనది, ఆ చదువు ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో ఉండాలని అనలేదు. ఒప్పుకున్న భాషల పట్టికలో హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, గుజరాతీ, చైనా భాష, క్రియోల్‌తో పాటు తెలుగు కూడా ఉంది! తెలుగులో చిన్న చిన్న వాక్యాలు చదివి వ్రాయగలిగితే చాలు, తోటకూలీ కూడా ఓటరు కావచ్చు.

ఇది కాగితం మీద రాగానే ఊరికే ఫలితం ఇవ్వలేదు. బసుదేవ్ బిష్ణుదయాళ్ గారి ఉద్యమం ఊరూరా తిరిగి పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పింది. బైట్కాలలో లాంతరు పెట్టుకుని, పగలంతా చెరకు కొట్టిన చేతులతో, పలకపై బలపం పట్టారు. అంతకుముందు పన్నెండు వేలకు లోపుగా ఉన్న ఓటర్ల సంఖ్య 1948 ఎన్నికలకు డెబ్బై వేలు దాటింది. మన మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడినదీ ఆ 1947లోనే. ఓనమాలు నేర్వడమంటే భక్తికీ, భజనకీ మాత్రమే కాదు, మనిషిగా లెక్కలోకి రావడానికి కూడా అని ఆ తరం వారు అనుభవంతో తెలుసుకున్నారు.

మన తెలుగు ఈ దేశ రాజకీయాల్లోకి ఇలా అడుగు పెట్టింది. అది ఎవరి వాటానూ తగ్గించలేదు. తలుపు తెరిచింది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాం, ఎందుకంటే తరువాతి కథ మరొక దారి పట్టింది.

భయం నుండి పుట్టిన ఒప్పందం

1959లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. ఓట్లు అందరికీ వస్తే సంఖ్యలో పెద్దవారు హిందువులే అవుతారని తక్కినవారికి భయం కలిగింది. ఆ భయాన్ని మనం తేలికగా చూడకూడదు. ముస్లిముల పక్షాన అబ్దుల్ రజాక్ మొహమ్మద్ తమ వర్గానికి హామీ కావాలని పట్టుబట్టారు. క్రియోల్ ప్రజల భయాలకు గయెతాన్ దువాల్ గొంతు ఇచ్చారు. స్వాతంత్ర్యం వస్తే ఉద్యోగాలు, భాష, మతం ఏమవుతాయని ఆయన పార్టీ ప్రశ్నించింది.

1965లో లండన్‌లో రాజ్యాంగ సమావేశం జరిగింది. 1966లో బాన్‌వెల్ కమిషన్ ఎన్నికల పద్ధతిని సూచించింది. మతాలవారీగా వేర్వేరు ఓటర్ల జాబితాలు పెట్టలేదు. అది మంచిదే. ద్వీపాన్ని 20 నియోజకవర్గాలు చేసి, ఒక్కొక్క దానికి ముగ్గురు సభ్యులను, రోడ్రిగ్స్‌కు ఇద్దరిని ఇచ్చారు. మొత్తం 62. వీరికి తోడు ఎనిమిది అదనపు స్థానాలు. వీటినే 'బెస్ట్ లూజర్' స్థానాలు అంటారు, అంటే ఓడినవారిలో మెరుగైనవారికి ఇచ్చేవి.

ఈ లెక్క ఎలా సాగుతుందో చాలామందికి తెలియదు. ఒక ఊహా ఉదాహరణతో చెబుతాం. ప్రతి వర్గం జనసంఖ్యను, ఆ వర్గం గెలిచిన స్థానాలకు ఒకటి కలిపి, ఆ మొత్తంతో భాగించాలి. 1972 జనాభా లెక్కల్లో హిందువులు సుమారు 4 లక్షల 28 వేలు, ముస్లిములు సుమారు 1 లక్షా 37 వేలు, చైనా సంతతివారు సుమారు 24 వేలు. హిందూ అభ్యర్థులు 35 మంది గెలిచారనుకుందాం. 36తో భాగిస్తే 12 వేలకు లోపు వస్తుంది. ముస్లిములు ఐదుగురు గెలిచారనుకుంటే, ఆరుతో భాగించగా సుమారు 23 వేలు. చైనా సంతతివారు ఒక్కరూ గెలవకపోతే, ఒకటితో భాగించగా 24 వేలు. ఎవరి అంకె పెద్దదైతే వారికి లోటు ఎక్కువ అన్నమాట. కనుక మొదటి స్థానం చైనా సంతతికి చెందిన, ఓడినవారిలో మెరుగైన అభ్యర్థికి దక్కుతుంది. తరువాతిది ముస్లిము అభ్యర్థికి. ఇలా మొదటి నాలుగు స్థానాలు వర్గాల లోటు తీర్చడానికి, తక్కిన నాలుగు పార్టీల బలాబలాలు మారిపోకుండా చూడడానికి.

1967 ఆగస్టు 7న జరిగిన ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరిన కూటమికి 43 స్థానాలు, దువాల్ గారి పార్టీకి 27 స్థానాలు వచ్చాయి. అంటే నూటికి 40 మందికి పైగా స్వాతంత్ర్యాన్ని చూసి భయపడ్డారు. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో ముస్లిములకు, క్రియోల్ ప్రజలకు మధ్య రక్తపాతం జరిగింది. బ్రిటిషు సైనికులను రప్పించవలసి వచ్చింది. మార్చి 12న జెండా ఎగిరినప్పుడు ఆనందంతో పాటు దిగులు కూడా ఉంది. ఆ పరిస్థితిలో 'బెస్ట్ లూజర్' ఒప్పందం చిన్న వర్గాలకు ధైర్యం చెప్పిందనేది నిజం. దానిని తిట్టేవారు ఈ నిజాన్ని మరువరాదు.

గడులను చెరపబోయిన సిద్ధాంతం

1969లో పాల్ బెరాంజే, దేవ్ విరాసామి మొదలైన యువకులు ఎం.ఎం.ఎం. పార్టీని స్థాపించారు. జాతుల పోరు కాదు, వర్గపోరాటం కావాలన్నారు. రేవు కార్మికులను, రవాణా కార్మికులను, తోటకూలీలను ఒక్కచోట చేర్చారు. 1970లో ఉత్తరాన హిందువులు ఎక్కువగా ఉన్న త్రియోలే నియోజకవర్గపు ఉప ఎన్నికలో వారి అభ్యర్థి విరాసామి గెలిచారు. 1971లో సమ్మెలు, అత్యవసర పరిస్థితి, నాయకుల నిర్బంధం. 1972లో జరగవలసిన ఎన్నికలను 1976కు వాయిదా వేశారు. 1976లో ఎం.ఎం.ఎం. 34 స్థానాలతో అందరికన్న పెద్ద పార్టీ అయినా, నిన్నటి ప్రత్యర్థులైన లేబర్ పార్టీ, దువాల్ గారి పార్టీ చేతులు కలిపి దానిని అధికారానికి దూరంగా ఉంచాయి. 1982లో మాత్రం ఆపలేకపోయారు. మిత్రపక్షంతో కలిసి ద్వీపంలోని 60 స్థానాలూ గెలుచుకున్నారు.

ఆ ప్రభుత్వం జనాభా లెక్కల్లో వర్గం ప్రశ్నను 1982లో తొలగించింది. ఆశయం మంచిది. కానీ అభ్యర్థి తన వర్గం ప్రకటించాలన్న నియమాన్ని, అదనపు స్థానాల లెక్కను తీసివేయలేదు. అందువల్ల వింత పరిస్థితి ఏర్పడింది. తరువాతి ఎన్నికలన్నిటికీ 1972 నాటి అంకెలే ఆధారం. ఆ లెక్క తీసినప్పుడు పుట్టని వారు ఈనాడు తాతలవుతున్నారు. అయినా వారు ఎంతమందో, ఎవరో 1972 పుస్తకమే చెబుతోంది.

ఆ ప్రభుత్వం సుమారు తొమ్మిది నెలలే నిలిచింది. ఆర్థిక విధానంపై తగాదాలకు తోడు భాష విషయం వచ్చింది. 1983 మార్చిలో స్వాతంత్ర్య దినాన జాతీయ గీతం దూరదర్శనంలో క్రియోల్‌లో వినిపించింది. అందరికీ అర్థమయ్యే భాషే గదా అని కొందరు సంతోషించారు. తమ పూర్వీకుల భాషలకు ఇక చోటు ఉండదేమోనని మరికొందరు కలత చెందారు. ఎం.ఎం.ఎం. చీలింది. అనిరూద్ జగన్నాథ్ కొత్త పార్టీ పెట్టి, అదే సంవత్సరం ఆగస్టులో గెలిచారు. ఇంట్లో ఎక్కువమంది క్రియోల్ మాట్లాడే దేశంలో, ఇంట్లో ఎక్కువమంది మాట్లాడని భాషల కోసం ప్రభుత్వం పడిపోవచ్చని మనకు ఆ ఏడు తెలిసింది.

గుడి, బడి, ఖజానా

మన దేశంలో ప్రభుత్వం మతసంస్థలకు ధనసహాయం చేస్తుంది. క్యాథలిక్ చర్చికి వలసకాలం నుండి ఉన్న సహాయం తరువాత తక్కిన మతాలకు కూడా అందింది. హిందూ సంస్థలలో సనాతన ధర్మ మందిరాల సమాఖ్య, ఆర్య సభ, తమిళ దేవాలయాల సమాఖ్య, మరాఠీ సమాఖ్య, మన ఆంధ్ర మహాసభ విడివిడిగా సహాయం పొందుతాయి. ఈ సహాయం తలల లెక్కమీద పంచుతారు. కనుక జనాభా లెక్కల వేళ ప్రతి సంఘమూ తన వారిని ఫలానా విధంగా వ్రాయండని కోరుతుంది. మతం అడిగిన చోట భాష పేరు వ్రాసేవారు అందుకే ఉన్నారు. పూర్వీకుల భాష అడిగినచోట తెలుగు అని వ్రాసిన ప్రతి ఇంటా తెలుగు చదివే బిడ్డ ఉందా అంటే, మేము ఉపాధ్యాయులం కనుక, లేదని చెప్పక తప్పదు.

బడిలోనూ ఇదే పోటీ. ప్రాథమిక విద్య చివరి పరీక్షలో పిల్లలకు ర్యాంకులు ఇచ్చి మంచి కళాశాలల్లో చోటు ఇచ్చేవారు. తెలుగు, హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీ వంటి భాషల మార్కులను ఆ ర్యాంకులో కలపాలని 1995లో జగన్నాథ్ ప్రభుత్వం రాజ్యాంగ సవరణ తెచ్చింది. ఆ భాషలు చదవని క్రియోల్ పిల్లలకు అన్యాయమని వ్యతిరేకత వచ్చింది. సవరణ ఓడిపోయింది. సభ రద్దయింది. తరువాతి ఎన్నికలో ఆ ప్రభుత్వపు పక్షం 60 స్థానాల్లో ఒక్కటీ గెలవలేదు. మన బిడ్డ కష్టపడి నేర్చిన తెలుగుకు విలువ కావాలన్న కోరిక న్యాయమైనదే. పక్కింటి క్రియోల్ బిడ్డ ఏ భాషలో పరీక్ష వ్రాసి ఆ మార్కులు తెచ్చుకోవాలన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆ బిడ్డ మాతృభాష అయిన క్రియోల్ ప్రాథమిక పాఠశాలల్లో పాఠ్యవిషయం కావడానికి 2012 వరకు ఆగవలసి వచ్చింది.

1998లో మరొక సంగతి జరిగింది. మన నోట్లపై ఇంగ్లీషు తరువాత తమిళం, ఆ తరువాత హిందీ ఉండేవి. కొత్త నోట్లలో హిందీ ముందుకు, తమిళం వెనుకకు వెళ్ళింది. ఫ్రెంచివారి కాలం నుండి ఇక్కడ ఉన్నామన్న తమిళులు వీధుల్లోకి వచ్చారు. ఆ నోట్లను వెనక్కు తీసుకున్నారు. కేంద్ర బ్యాంకు గవర్నరు పదవి పోయింది. ఒక వరుస మారితే దేశం కదిలింది! ఒకే హిందూ గడిలో లెక్కించే మనలోనే ఎన్ని గడులున్నాయో దానితో తేటతెల్లమైంది.

స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుండి ప్రధానమంత్రి పదవిలో ఇద్దరు రామ్‌గులామ్‌లను, ఇద్దరు జగన్నాథ్‌లను, ఒక్క బెరాంజేను చూశాం. 2003 నుండి 2005 వరకు బెరాంజే ప్రధాని అయినప్పుడు, హిందువు కాని వ్యక్తి ఆ పదవి చేపట్టడం అదే మొదటిసారి. పార్టీలన్నీ సిద్ధాంతాల పేర్లు పెట్టుకుంటాయి. టికెట్లు పంచేటప్పుడు మాత్రం ఈ నియోజకవర్గంలో ఏ కులంవారు, ఏ భాషవారు, ఏ మతంవారు ఎందరని లెక్క వేస్తాయి. ఉగాది వేదికపై, కావడి పండుగలో, ఈద్ విందులో నాయకులు పూలదండలు వేయించుకుని వాగ్దానాలు చేయడం అందరం చూస్తున్నదే.

ప్రకటించబోమన్నవారు

2005 ఎన్నికల్లో 'రెజిస్తాన్స్ ఎక్ ఆల్తెర్నాతివ్' అనే పక్షంవారు, మేము మారిషస్ పౌరులం, ఏ వర్గమూ ప్రకటించబోమని అన్నారు. న్యాయస్థానాల్లో వాదన సాగింది. వారు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం వరకు వెళ్ళారు. ఇంత పాత అంకెల మీద ఆధారపడి వర్గ ప్రకటనను నిర్బంధం చేయడం వారి హక్కులను భంగపరుస్తోందని ఆ సంఘం 2012లో తేల్చింది. 2014లో ఒక ఎన్నికకు మాత్రమే వర్తించే తాత్కాలిక చట్టం చేసి, ప్రకటించనివారికి కూడా పోటీచేసే అవకాశమిచ్చారు. 2019లో మళ్ళీ పాత నియమమే. ప్రకటించనివారి పత్రాలు తోసిపుచ్చారు. ఆ పక్షం 2024 నవంబరు ఎన్నికల్లో గెలిచిన కూటమిలో భాగమైంది. ఆ కూటమి ద్వీపంలోని 60 స్థానాలూ గెలుచుకుంది.

ఈ 60కి 60 ఫలితం 1982, 1995, 2024లలో మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ నూటికి ముప్పై మందికి పైగా ఎదుటివారికి ఓటు వేశారు. అందుచేత గడులను తీసివేస్తే చాలదు. ఓట్ల నిష్పత్తి ప్రకారం కొన్ని స్థానాలు ఇచ్చే పద్ధతి కూడా కావాలి. దక్షిణాఫ్రికా న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2002లోనే అలాంటి సూచన చేసింది. చిన్న వర్గాలకు భద్రత పోకుండా, ఎవరి నుదుటా ముద్ర వేయకుండా నడిచే దారి ఉందన్నమాట.

మరి మనం?

'బెస్ట్ లూజర్' లెక్కలో తెలుగువాడికి తెలుగువాడిగా ఒక్క స్థానమూ రాదు. మనకు వేరే గడి కావాలని కొందరు అంటారు. ఆ కోరికలోని బాధ మాకు తెలుసు. సంఖ్యలో చిన్నవారం. పెద్ద గడిలో మన పేరు వినిపించదు. కానీ ఐదవ గడి గీస్తే ఆరవది, ఏడవది అడగడానికి మరొకరికి హక్కు ఉంటుంది. ఎన్ని గడులు గీసినా అందులో కూర్చునేది ఒక అభ్యర్థి. మన పిల్లల నోట తెలుగు పలికించేది గడి కాదు.

ఆప్రవాసి ఘాట్ మెట్లు ఎక్కిన మన పూర్వీకులకు అధికారి ఒక అంకె ఇచ్చాడు. రామభజన గుంపులో, అమ్మోరు పండుగలో, సింహాద్రి అప్పన్న పూజలో వారు తమ పేర్లను, తమ మాటను కాపాడుకున్నారు. వారి బిడ్డలు ఆ మాటను పలకమీద వ్రాసి ఓటు సంపాదించారు. ఆనాడు తెలుగు అక్షరం మన వాళ్ళను బిహారీ, తమిళ, ముస్లిము, క్రియోల్ కూలీల సరసన పౌరులుగా నిలబెట్టింది.

సోదర సోదరీమణులారా, రాబోయే జనాభా లెక్కల పత్రంలో పూర్వీకుల భాష తెలుగు అని తప్పక వ్రాయండి. అది నిజం, నిజాన్ని దాచనక్కరలేదు. కానీ ఆ మాట వ్రాసిన చేతితోనే ఆ సాయంకాలం ఒక బిడ్డను తెలుగు తరగతికి తీసుకురండి. వేదిక ఎక్కిన నాయకుణ్ణి మనవాళ్ళకు ఎన్ని టికెట్లు ఇస్తావని అడిగేముందు, ఊరిలోని బిడ్డలందరికీ ఏ బడి ఇస్తావని అడగండి. తెలుగు చదివే బిడ్డకూ, చదవని బిడ్డకూ కలిపి అడగండి. 1947లో తెలుగు మనకు తెరిచిన తలుపు అందరికీ తెరిచిన తలుపు. దానిని అలాగే తెరిచి ఉంచుదాం.